వినోదవన నిర్మాత వాల్ట్ డిస్నీ

జీవితచరిత్రములు వ్రాయబూనినవారు రాజులను, కవులను, దైవసేవకులను ఎన్నుకొనుట వాడుక. ఈ సంవత్సరము మేమొక బొమ్మలు గీచువాని చరిత్రమును వ్రాయబూనితిమి. అందులకు కారణము కలదు. మా విద్యార్థులలో కొందరు సెలవుదినములయందు కంప్యూటరు ముందు కూర్చుండి వినోదవనములను కట్టెడు ఆట నాడుచున్నారు. ఇది వట్టి కాలహరణమని తలిదండ్రులు కొందరు మాతో మొరపెట్టుకొనిరి. ఆ మొరకు మేము ఉత్తరమియ్యబోవుట లేదు. ఆ యాటలో మా బాలురు తరచుగా కట్టబూను ఒక వనము నిజముగా భూమిమీద ఎట్లు పుట్టెనో, దానిని పుట్టించినవాడు ఎట్లు బ్రదికెనో చెప్పినచో పెద్దలకును పిన్నలకును తెలిసికొనదగిన సంగతులు చాల దొరకునని తోచినది.

ఆటయొక్క స్వరూపము నెరుగని పెద్దలకొరకు కొంచెము వివరింతుము. ఇట్టి యాటలలో మిక్కిలి పేరుగన్నది 1999వ సంవత్సరమున స్కాట్లండు దేశీయుడగు క్రిస్ సాయర్ రచించిన రోలర్ కోస్టర్ టైకూన్. 2016లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలోని ఫ్రాంటియర్ సంస్థవారు ప్లానెట్ కోస్టర్ అనుదానిని వెలువరించిరి. ఆడువానికి మొదట ఒక బీడుభూమి యొసగబడును. అందు త్రోవలు వేయవలెను, గుంటలు త్రవ్వవలెను, రంగులరాట్నములు, కొండనెక్కి దిగినట్లు పరుగెత్తు బండ్లు, తినుబండారముల అంగళ్లు, మరుగుదొడ్లు ఎచ్చటెచ్చట నుండవలెనో నిర్ణయింపవలెను, రుసుము నిశ్చయింపవలెను. పిమ్మట జనము వచ్చును. వారికి ఆకలి వేయును, దప్పిక కలుగును, అతివేగముగా తిరిగినపిదప కడుపులో త్రిప్పును. ఊడ్చువాడు లేనిచో విసుగుకొని వెడలిపోవుదురు. వాన కురియగానే గొడుగుల ధర పెంచి లాభము తీయు గడుసువాండ్రను మేమెరుగుదుము. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపూరులో మెస్రం వంశీయులు జరుపు నాగోబా జాతరను చూచినవారికి ఇవి యేవియు క్రొత్తవి కావు. అచ్చట రాట్నము నాటువాడు సైతము నేల చదునును, జనము నడచు దారిని, మిఠాయి అంగడి దూరమును చూచుకొనియే గుంజ పాతును.

కల్పితమైన వనముతో తృప్తినొందక, నిజముగా నున్న వనమును ఆటలో తిరిగి కట్టువారు కొందరు కలరు. 2002లో వెలువడిన రెండవ రోలర్ కోస్టర్ టైకూన్ నందు సిక్స్ ఫ్లాగ్స్ సంస్థవారి నిజమైన వనములే కొన్ని చేర్చబడెను. ఉపగ్రహములు తీసిన పటములను, యాత్రికుల ఛాయాచిత్రములను ముందుంచుకొని, అడుగు అడుగునకు కొలత వేసి, నెలలతరబడి శ్రమపడువారు దేశదేశములయందున్నారు. వారు కట్టువానిలో అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రపు అనహైమ్ పట్టణమందలి డిస్నీలాండు తరచు కనబడుచుండును. ఆ డిస్నీలాండును కట్టినవాడును తన చిన్ననాటి యూరిని, తాను ప్రేమించిన రైలును, తాను చూచిన పర్వతమును కొలత తగ్గించి తిరిగి కట్టినవాడే.

వాల్టర్ ఎలయాస్ డిస్నీ 1901వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీని చికాగో నగరమున జన్మించెను. తండ్రి ఎలయాస్ వడ్రంగము నెరిగినవాడు. 1893లో ఆ నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగినప్పుడు దాని కట్టడములలో ఆయన వడ్రంగిగా పనిచేసెను. జార్జి ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల ఎత్తుగల ఉక్కు చక్రమును నిలిపినది ఆ ప్రదర్శనములోనే. నేడు మన జాతరలలో తిరుగు జెయింటు వీలును ఆంగ్లేయభాషలో నేటికిని ఆయన పేరనే పిలుతురు. ఎలయాస్ దైవభక్తి గలవాడు, కఠినుడు. తన సంఘమగు సెయింట్ పాల్ కాంగ్రిగేషనల్ దేవాలయమును కట్టుటలో పాల్గొని, ఆ సంఘకాపరియగు వాల్టర్ పార్ గారి పేరు తన నాల్గవ కుమారునకు పెట్టెను. కాపరుల పేర్లు పెట్టుకొన్న పిల్లలు మన పాఠశాలలోను పలువురుండుటచేత ఈ సంగతిని విడువలేకపోతిమి. తల్లి ఫ్లోరా శాంతస్వభావురాలు; ఇండ్ల పటములు గీయుట యందు భర్తకు తోడ్పడుచుండెడిది.

1906లో కుటుంబము మిస్సోరి రాష్ట్రమునందలి మార్సెలీన్ అను చిన్న యూరికి తరలి, సుమారు 45 ఎకరముల పొలము కొని వ్యవసాయము సాగించెను. బాలుడు అచ్చట నున్నది నాలుగైదు సంవత్సరములే. అయినను ఆ యూరు ఆయన మనస్సున ముద్రపడినట్లు మరియేదియు పడలేదు. ఒక పెద్ద వీధి, దాని కిరుప్రక్కల అంగళ్లు, ఊరిమీదుగా పోవు శాంటా ఫే రైలు, ఆపిల్ చెట్లు, పందులు, కోళ్లు: ఇంతియే ఆ యూరు. బంధువొకడు ఆ రైలుమార్గమున ఇంజను నడుపువాడగుటచే రైలు కూత వినబడగానే బాలుడు పరుగెత్తుచుండెడివాడు. బోథు నుండి పిల్లలు రైలును చూడవలెనన్న ఆదిలాబాదు పోవలసినదే గనుక, ఆ కూతకు బాలుడెందులకంత పరవశుడయ్యెనో మన పిల్లలకు వేరుగ చెప్పనక్కర లేదు.

సేద్యము కలసిరాలేదు. తండ్రి వ్యాధిగ్రస్తుడయ్యెను. పొలమమ్మి 1911లో కుటుంబము కాన్సస్ సిటీ చేరెను. అచ్చట ఎలయాస్ వార్తాపత్రికలు పంచు హక్కును కొని, కుమారులగు రాయ్, వాల్టులను ఆ పనిలో పెట్టెను. తెల్లవారకముందే లేచి, మంచు మోకాళ్లలోతు పేరుకొన్న దినములయందు సైతము గడపగడపకు పత్రిక నందియ్యవలెను. బడి విడిచిన పిమ్మట సాయంకాలపు పత్రికకు మరల పోవలెను. జీతము లేదు, తండ్రి కూడు పెట్టి గుడ్డ కట్టుటయే జీతము. ఆరు సంవత్సరములు ఈ విధముగా గడచెను. తరగతిలో కునికిపాట్లు పడు బాలుడు చదువున ముందంజ వేయకుండుట వింత కాదు. ఎనిమిది సంవత్సరములు పెద్దవాడగు అన్న రాయ్ మాత్రము తమ్ముని కనిపెట్టి యుండెడివాడు. ఈ యన్న సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

వారి యింటికి నడచిపోదగిన దూరమున ఎలెక్ట్రిక్ పార్కు అను వినోదవనముండెను. చీకటి పడగానే వేలకొలది విద్యుద్దీపములు దాని కట్టడముల అంచుల వెంబడి వెలుగుచుండెను. దాని చుట్టును రైలు తిరుగుచుండెను. పగలెల్ల పత్రికలు మోసి రాత్రి ఆ వెలుగును చూచిన బాలుని ఊహ యెట్లుండెనో మేము కల్పించి వ్రాయము. 1925లో అగ్నిప్రమాదమున ఆ వనము చాలవరకు నశించెను.

1917లో కుటుంబము మరల చికాగో పోయెను. వాల్టు పగలు ఉన్నత పాఠశాలలో చదువుచు, రాత్రులు చిత్రకళాశాలకు పోవుచుండెను. చిత్రలేఖనము కూడు పెట్టదని తండ్రి యభిప్రాయము, తల్లి కాదనలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున వయస్సు చాలకున్నను జనన సంవత్సరమును మార్చి వ్రాసి రెడ్ క్రాస్ సంఘమున చేరెను. ఇది మేము మెచ్చుకొను పని కాదు. ఫ్రాన్సు చేరునప్పటికి యుద్ధము ముగిసియుండెను. బండి నడుపుట, బొమ్మలు గీయుట, పొగ త్రాగుట అచ్చట సాగెను. తిరిగివచ్చి కాన్సస్ సిటీలో కదలెడు బొమ్మల చిత్రములు తీయు సంస్థను 1922లో స్థాపించెను. మరుసటి యేడు అది దివాలా తీసెను. ఒక పెట్టెతో, స్వల్పమైన సొమ్ముతో రైలెక్కి హాలీవుడ్డు చేరెను. క్షయరోగము తగిలి లాస్ ఏంజెలెస్ నందు చికిత్స పొందుచున్న అన్న రాయ్ లేచి వచ్చి లెక్కల పుస్తకము పట్టెను. 1923 అక్టోబరు 16వ తేదీన అన్నదమ్ముల సంస్థ వెలసెను. 1925లో తన కార్యాలయమున పనిచేయుచున్న లిలియన్ అను నామెను వాల్టు వివాహమాడెను.

చిత్రముల చరిత్ర లోకవిదితము గనుక త్వరగా దాటుదుము. ఆస్వాల్డు అను కుందేలు బొమ్మను సృష్టించి పేరు గడించినంతలో, దానిపై హక్కు తనకు లేదనియు, పంపిణీ చేయువారిదే యనియు 1928లో తెలిసెను. బొమ్మ పోయెను, పనివారిలో పెక్కుమంది పోయిరి. అప్పుడు పుట్టినదే మిక్కీ మౌస్ అను ఎలుక; 1928 నవంబరు 18వ తేదీన శబ్దముతో కూడిన చిత్రముగా ప్రజల ముందు నిలిచెను. నాటినుండి తాను చేసినదానిపై హక్కును పరుల చేత పెట్టరాదని డిస్నీ నిశ్చయించుకొనెను. 1937 డిసెంబరులో వెలువడిన స్నో వైట్ చిత్రమునకు దాదాపు 15 లక్షల డాలర్లు వ్యయమయ్యెను. ఆ సొమ్ము తిరిగి రాదని హాలీవుడ్డు నవ్వెను. వచ్చెను, దానితో క్రొత్త కార్యశాల లేచెను.

ఆ లాభముతో అన్నదమ్ములు తలిదండ్రులకు ఒక యిల్లు కొనియిచ్చిరి. ఆ యింటిని వెచ్చగా నుంచు కొలిమి చెడియుండుటచే విషవాయువు వ్యాపించి 1938 నవంబరులో తల్లి మరణించెను. బాగుచేయుటకు పనివారిని పంపియుండిరి. ఆ పని సరిగా జరుగలేదు. ఈ దుఃఖమును గూర్చి ఆయన జీవితాంతము నోరు మెదపుట కిష్టపడలేదు. యంత్రమును నిలుపుట వేరు, దానిని నిత్యము కనిపెట్టియుండుట వేరు. కొన్ని యేండ్ల పిమ్మట కట్టిన వనములో ప్రతి రాత్రియు ప్రతి బండిని పరీక్షించు నియమము ముఖ్యమైనది గనుక ఈ సంగతిని ఇచ్చట నిలిపితిమి.

మరియొక సంగతి దాచుట తగదు. 1941 మే నెలలో ఆయన కార్యశాలలోని చిత్రకారులు వందలకొలది సమ్మె కట్టిరి. జీతములలో హెచ్చుతగ్గులు విపరీతముగా నుండెను. శ్రమించినవారి పేర్లు చిత్రములపై కనబడుట లేదు. సంఘము పెట్టుకొనిన వారిని డిస్నీ తొలగించెను. కుటుంబమువలె నున్నామని తాను తలంచినవారు ద్వారముకడ నిలిచి తనను దూషించుట ఆయన సహింపలేకపోయెను. వారి మొరలో న్యాయమున్నదని మా యభిప్రాయము. ఆయన దక్షిణ అమెరికాలో నున్న సమయమున తగవు తీరెను గాని, ఆ చేదు ఆయనను విడువలేదు. ప్లానెట్ కోస్టరు ఆటలో జీతము చాలని పనివాడు అసంతుష్టుడై పని మానిపోవును. ఆ యంకెను చూచుకొనక రాట్నముల సొగసుమీదనే దృష్టి నిలిపిన మా బాలురు ఏమగుదురో వారే చెప్పగలరు.

యుద్ధము ముగిసినపిదప డిస్నీ మనస్సు చిత్రములనుండి రైళ్లపైకి మరలెను. 1948లో చికాగోలో జరిగిన రైళ్ల ప్రదర్శనమునకు పోయివచ్చెను. తన క్రొత్త యింటి పెరటిలో, నిజమైనదానికి ఎనిమిదవ వంతు కొలతతో ఒక ఆవిరి యంత్రమును, బండ్లను చేయించి, 2,615 అడుగుల పట్టాలు వేయించెను. యంత్రమునకు భార్య పేరు పెట్టెను. భార్య పూలతోట చెడకుండుటకై పట్టాలను సొరంగము గుండా నడిపించెను. మార్సెలీనులోని కొట్టమును పోలిన చిన్న కొట్టమొకటి ప్రక్కనే కట్టించి, అందు కూర్చుండి ఉలి, ఆకురాయి పట్టి స్వయముగా చెక్కుచుండెను. ఇరుగుపొరుగు పిల్లలు ఆ బండ్లపై నెక్కి తిరుగుచుండిరి. 1953లో బండి పట్టా తప్పి ఆవిరివలన ఒక చిన్నపిల్లకు కాలిన గాయము తగులగా, ఆయన ఆ రైలును నిలిపివేసెను. నిర్మల్ కొయ్యబొమ్మలు చేయు నకాషీ వారి చేతిపని నెరిగిన మన ప్రాంతమువారికి, యాబది యేండ్లు సమీపించిన ధనవంతుడు చిన్న బండిచక్రము చెక్కుచు కూర్చుండుట హాస్యాస్పదముగా కనబడదని నమ్ముదుము.

అంతకు ముందే మరియొక తలంపు నాటుకొని యుండెను. ఆదివారములయందు కుమార్తెలను గ్రిఫిత్ పార్కునకు తీసికొనిపోయి, వారు గుర్రపు రాట్నమెక్కి తిరుగుచుండగా తాను బల్లమీద కూర్చుండి చూచుచుండెను. ఆ కాలపు వినోదస్థలములు పెక్కు మురికిగా నుండెను. పిల్లలు మాత్రమే ఎక్కవలెను, పెద్దలు కాచుకొని యుండవలెను. పెద్దలును పిన్నలును కలసి తిరుగదగిన స్థలమేల యుండరాదని తోచెను. డెన్మార్కునందు 1843 నుండి వెలయుచున్న టివోలి వనమును 1951లో చూచివచ్చెను. దాని దీపములు, పూలు, శుభ్రత ఆయనకు నచ్చెను. కార్యశాల ప్రక్కనే చిన్న వనము కట్టుట కనుమతి వేడగా బర్బాంకు నగరపాలకులు నిరాకరించిరి. అది మేలే అయ్యెను. ఆ స్థలము చాలియుండెడిది కాదు.

తరువాతి పని ఆటగాండ్రు నేర్చుకొనదగినది. ఊహ మీద ఆధారపడక, 1953లో స్టాన్ఫర్డు పరిశోధన సంస్థవారిచే జనసంఖ్య పెరుగు దిక్కును, రాదారులను, వాతావరణమును, భూమి ధరను విచారింపజేసెను. వారు అనహైమ్ నందలి నారింజ తోటలను చూపిరి. 160 ఎకరములు కొనబడెను. ధనమిచ్చువారికి చూపుటకు పటము కావలసివచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరులో ఒక శనివారము హెర్బ్ రైమన్ అను చిత్రకారుని పిలిపించి, ప్రక్కన కూర్చుండి తన మనస్సులోని వనమును వర్ణించుచు, రెండు దినములలో దానిని పెద్ద పటముగా గీయించెను. అన్న రాయ్ ఆ పటము పట్టుకొని న్యూయార్కు పోయెను.

ఆటలో ధనమునకు లోటులేని విధమొకటి కలదు. అప్పు తీసికొని లెక్క చూచుకొనవలసిన విధమొకటి కలదు. మా బాలురు సాధారణముగా మొదటిదానినే ఎన్నుకొందురు. డిస్నీకి మొదటిది లేదు. సంస్థవారు ఈ సాహసమునకు జంకిరి; అన్నయు మొదట సమ్మతింపలేదు. వాల్టు తన జీవిత భీమా పత్రములపై అప్పు తెచ్చెను. విశ్రాంతికై కట్టుకొన్న యింటిని అమ్మెను. 1954లో ఏబీసీ అను టెలివిజను సంస్థతో ఒడంబడిక కుదిరెను. వారు 5 లక్షల డాలర్లు పెట్టి, 45 లక్షల అప్పునకు పూచీపడి, వనములో మూడవ వంతునకు కొంచెము మించిన భాగమును పొందిరి. ప్రతిగా డిస్నీ వారికి ప్రతి వారమును ఒక కార్యక్రమము చేసియిచ్చుటకు ఒప్పుకొనెను. ఇతర చిత్రసంస్థలు టెలివిజనును శత్రువుగా చూచుచున్న దినములవి. 1954 జూలైలో పని ఆరంభమయ్యెను. ఒక సంవత్సరములో ముగియవలెను. వ్యయము 1 కోటి 70 లక్షల డాలర్లకు చేరెను.

ఇక కట్టడపు నేర్పు. వనము చుట్టును ఎత్తయిన మట్టి గట్టు వేయించి, దానిమీద రైలు నడిపించెను. లోపల నిలిచినవానికి బయటి ఊరు కనబడదు. ద్వారము ఒక్కటే. లోనికి రాగానే మార్సెలీను జ్ఞాపకముతో కట్టిన పెద్ద వీధి. దాని కొనయందు 77 అడుగుల ఎత్తుగల కోట. కోట యెదుట గుండ్రని మైదానము. దానినుండి చక్రపు ఆకులవలె నలువైపుల త్రోవలు. ఎచ్చటికి పోవలెనో తెలియక తిరుగువాడు మరల ఆ మైదానమునకే చేరును. వీధిలోని మేడల మీది అంతస్తులు క్రింది అంతస్తుకంటె చిన్నవి. కోట రాళ్లు మీదికి పోయినకొలది చిన్నవగుచుండును. కన్ను మోసపోయి కట్టడము మిక్కిలి ఎత్తైనదని తలంచును. చిత్రములు తీయువారు తెరలు గీయుటలో నేర్చిన విద్య యిది. ఆటలో డిస్నీలాండును కట్టువారు మొదట చిక్కుపడునది ఇచ్చటనే. ఆట యిచ్చు కిటికీ, తలుపు, ఇటుక ఒకే కొలతలో నుండును. చదరపు గడులుగా విభజింపబడిన పాత ఆటలో గుండ్రని మైదానము మెట్లు మెట్లుగా వచ్చును. క్రొత్త ఆటలో చిన్న చిన్న తునకలను చేర్చి కోటను మలచుకొనవచ్చును గాని, ఒక్క గోపురమునకే వేలకొలది తునకలగును, కంప్యూటరు మందగించును. మార్సెలీను వీధిని డిస్నీ తగ్గించెను, ఆ తగ్గించినదానిని ఆటగాండ్రు మరల తగ్గింతురు. ఏది విడువవలెనో ఏది నిలుపవలెనో తేల్చుకొనుటయే ఇద్దరికిని కష్టము.

1955 జూలై 17వ తేదీ ఆదివారమున వనము తెరువబడెను. ఆ దినము ఆటలో ఎవరికైన ప్రాప్తించినచో యంత్రమును ఆర్పివేసి మరల మొదలుపెట్టుదురు. ఆహ్వానపత్రములకు దొంగ నకళ్లు పుట్టినందున అనుకొన్నదానికంటె మిక్కిలి హెచ్చుగా జనము వచ్చిరి. ఎండ వంద డిగ్రీలు దాటెను. ఆ తెల్లవారుజామున పోసిన తారు ఆరకపోవుటచే స్త్రీల పాదరక్షల మడమలు అందు దిగబడెను. గొట్టములు వేయు పనివారు సమ్మె చేసియుండుటచే త్రాగునీటి కొళాయిలా, మరుగుదొడ్లా, రెండింటిలో నొకటియే సిద్ధము కాగలదని చెప్పగా డిస్నీ మరుగుదొడ్లనే కోరెను. దప్పికగొన్న జనము, సోడాలు అమ్ముకొనుటకే నీళ్లు దాచిరని నిందించిరి. వాయువు కారుటచే ఒక భాగమును మూసివేయవలసివచ్చెను. ఇదంతయు జరుగుచుండగా కోట్లకొలది జనులు టెలివిజనులో చూచుచుండిరి. పత్రికలు తూర్పారబట్టెను. ఆయన పారిపోలేదు. వీధిలోని అగ్నిమాపకశాల మీదనున్న చిన్న గదులలో నివసించుచు, ప్రొద్దుట జనములో తిరుగుచు, లోపములను ఒక్కొక్కటిగా దిద్దించెను. రెండు మాసములు గడువక మునుపే పదిలక్షలవ యాత్రికుడు వచ్చెను.

వనము ఎన్నడును పూర్తికాదని ఆయన సిద్ధాంతము. 1959లో స్విట్జర్లండు దేశపు మాటర్హార్న్ పర్వతమును నూరవ వంతు కొలతతో, 147 అడుగుల ఎత్తున నిలిపి, దాని పొట్టలో బండ్లను పరుగెత్తించెను. ఉక్కు గొట్టములే పట్టాలుగా గల మొదటి రోలర్ కోస్టరు అదియే. దానిని చేసినవారు ఆరో అను సంస్థవారు. చెక్క చట్రముపై సాగనట్టి మెలికలన్నియు ఆ గొట్టములవలన సాధ్యమయ్యెను. నేడు హైదరాబాదునకు విహారయాత్ర పోయి 2016లో తెరువబడిన వండర్లాలో కేకలు వేసి వచ్చు మన విద్యార్థులు ఎక్కునది ఆ విద్య యొక్క సంతతినే. 1962లో అడవి నదీయాత్రలో స్నానమాడు భారతదేశపు ఏనుగుల బొమ్మలు చేర్చబడెను.

ఆ నదీయాత్రను గూర్చి ఒక మాట చెప్పక తీరదు. అందు అడవివాసులను క్రూరులుగను, నవ్వులపాలైనవారుగను చూపిన బొమ్మలు చాలకాల ముండెను. గోండు, కొలాము, లంబాడీ బిడ్డలు చదువుకొను ఈ ప్రాంతమున నిలిచి చూచినచో అది వినోదము కాదు. 2021లో ఆ సంస్థవారే వానిని తొలగించి మార్పులు చేసిరి. ఆటలో డిస్నీలాండును కట్టువాడు ఏ సంవత్సరపు డిస్నీలాండును కట్టుచున్నాడో మొదట తేల్చుకొనవలెను. 1956 నుండి 1994 వరకు తలమీదుగా పోయిన తీగెబండ్లను, 1967 నుండి 1995 వరకు నడచిన నిదానపు బండ్లను తిరిగి చూడవలెనన్న అనహైమ్ నందు నేడు సాధ్యము కాదు, ఆటలో సాధ్యము. పోయినవానిలో తిరిగి తెచ్చుకొనదగినవి యేవి, పోయినదే మేలనదగినవి యేవి యను విచారణ అచ్చట కట్టువానికే విడువబడును.

అనహైమ్ నందు ఆయనకు తీరని కొరత యొకటి మిగిలెను. గట్టునకు వెలుపలి భూమి తనది కాదు. అందు సత్రములు, మెరపుదీపముల పలకలు క్రిక్కిరిసెను. అందుచేత ఫ్లారిడా రాష్ట్రమున సుమారు 27,000 ఎకరములను, ధర పెరుగకుండ వేరు వేరు పేర్లతో రహస్యముగా కొనిపించి, 1965 నవంబరులో ప్రకటించెను. అందు వనముకంటె ఆయన మనస్సు లగ్నమైనది ఒక నగరముమీద. జనులు నిజముగా నివసింపవలెను, బండ్లు భూమిక్రింద పోవలెను, నడచువారికి భయముండరాదు. దానికి ఎప్కాట్ అని పేరు పెట్టి, గోడల నిండ పటములు పరపించెను. 1966 అక్టోబరు చివర ఆ నగరమును గూర్చి చలనచిత్రమొకటి తీయించుకొనెను. కొలది దినములలోనే ఊపిరితిత్తులలో పుట్టకురుపు బయటపడెను. ఫ్రాన్సు దేశమున అలవాటైన పొగ ఆయనను విడువలేదు.

1966 డిసెంబరు 15వ తేదీన, అరువదియైదవ జన్మదినము గడచిన పది దినములకు, తన కార్యశాల యెదుటి ఆసుపత్రిలో మరణించెను. ఆయన దేహమును మంచులో భద్రపరచిరను కథ విద్యార్థులలో కూడ వ్యాపించియున్నది, అది కల్ల. దేహము దహనము చేయబడెను. ఆయన పర్యవేక్షించిన జంగిల్ బుక్ చిత్రము మరుసటి సంవత్సరము వెలువడెను.

విశ్రాంతి తీసికొనవలసిన వయస్సున అన్న రాయ్ ముందుకు వచ్చి ఫ్లారిడా పనిని తలకెత్తుకొనెను. అప్పు చేయకుండ, లెక్క తప్పకుండ కట్టించి, 1971 అక్టోబరు 1వ తేదీన తెరచెను. దాని పేరులో తమ్ముని పూర్తి పేరుండవలెనని పట్టుబట్టినవాడు ఆయనయే. ఆ సంవత్సరము డిసెంబరు 20వ తేదీన రాయ్ మరణించెను. 1982లో ఎప్కాట్ పేరుతో ఒక వనము తెరువబడెను గాని, అందు కాపురముండు జనులు లేరు. డిస్నీ తలంచిన నగరము కట్టబడలేదు. దానికై చేయించిన పెద్ద నమూనాలో కొంతభాగమును, చిన్న చిన్న దీపములతో, ఫ్లారిడాలోని వనమున నిదానముగా పోవు బండిలో కూర్చుండి నేటికిని చూడవచ్చును.